ఆర్గాన్ అరుదైన వాయువు కాదు, ఆక్సిజన్‌ను వదలని వాయువు

2021 వేసవిలో కరోనా రెండో వేవ్ నడుస్తున్నప్పుడు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కొనుక్కున్న చాలా ఇళ్ళలో ఒక అనుమానం వచ్చింది. మెషిన్ 93, 94 అని చూపిస్తోంది. ఎంతసేపు చూసినా 96 దాటడం లేదు. మిగతా నాలుగైదు శాతం ఏమైనట్టు? మెషిన్‌లో ఏదైనా లోపమా?

లోపం కాదు. ఆ మిగిలిందాంట్లో ఎక్కువ భాగం ఆర్గాన్. కాన్సంట్రేటర్ లోపల ఉండే జియోలైట్ గుళికలు గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఉంచి, ఆక్సిజన్‌ను ముందుకు వదులుతాయి. ఆర్గాన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాటికి తేడా తెలియదు. ఆక్సిజన్‌తో పాటే అదీ బయటికి వచ్చేస్తుంది. గాలిలో ఆక్సిజన్ 20.95 శాతం, ఆర్గాన్ 0.93 శాతం. నైట్రోజన్ మొత్తం తీసేశామనుకుని లెక్క వేస్తే మిగిలినదాంట్లో ఆర్గాన్ వాటా దాదాపు 4.3 శాతం వస్తుంది. కాబట్టి ఎంత మంచి కంపెనీ మెషిన్ అయినా 95.7 దగ్గర ఆగిపోవాల్సిందే. రోగికి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. మనం పీల్చే ప్రతి శ్వాసలోనూ ఆర్గాన్ ఉంది, లోపలికి వెళ్ళినంతా అలాగే బయటికి వచ్చేస్తుంది.

ఈ చిన్న విషయం పట్టుకుంటే ఆర్గాన్ గురించిన చిక్కుముడులు చాలా వరకు విడిపోతాయి. ఎక్కడ తయారవుతుంది, ఎందుకు ఖరీదు, ఎప్పుడు దొరకదు అనే మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే: అది ఆక్సిజన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. విశాఖలో ఉన్నవాళ్ళకి ఇది పుస్తకంలో చదవాల్సిన అవసరం కూడా లేదు. స్టీల్ ప్లాంట్ ఒకవైపు, గాజువాక ఆటోనగర్ ఇంకోవైపు, మధ్యలో నీలం సిలిండర్లు వేసుకుని తిరిగే వ్యాన్లు. ఆర్గాన్ కథ మొత్తం పది పదిహేను కిలోమీటర్ల లోపే నడుస్తుంది.

గాలిలో ఎంత ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది

జడవాయువులను చాలాకాలం అరుదైన వాయువులని కూడా పిలిచారు. నియాన్, క్రిప్టాన్, జీనాన్‌లకు ఆ మాట సరిపోతుంది. ఆర్గాన్‌కు మాత్రం అస్సలు సరిపోదు. గాలిలో నైట్రోజన్, ఆక్సిజన్‌ల తర్వాత మూడో స్థానం దానిదే (తేమను పక్కన పెడితే). ప్రపంచమంతా మాట్లాడుకునే కార్బన్ డయాక్సైడ్ గాలిలో 0.04 శాతం పైచిలుకు. ఆర్గాన్ దానికి ఇరవై రెట్లకు పైనే. పన్నెండడుగులకు పదడుగుల గదిలో, పదడుగుల ఎత్తు ఉందనుకుంటే, మూడు వందల లీటర్లకు పైగా ఆర్గాన్ ఇప్పుడు ఈ క్షణంలో ఉంది.

ఇంత ఎలా చేరింది? రాళ్ళలోంచి. పొటాషియంలో 40 అనే ఐసోటోపు కొద్దిగా ఉంటుంది. దాని అర్ధాయువు 125 కోట్ల ఏళ్ళు. అది క్షీణించేటప్పుడు ఎక్కువ భాగం కాల్షియంగా, పదో వంతు పైచిలుకు ఆర్గాన్-40గా మారుతుంది. కైలాసగిరి, సింహాచలం కొండల్లో కనిపించే ఖోండలైట్ రాతిలో పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్ ఖనిజం ఉంటుంది. అంటే ఆ కొండలు ఇప్పటికీ పరమాణువు తర్వాత పరమాణువుగా ఆర్గాన్ తయారు చేస్తూనే ఉన్నాయి. భూమి పుట్టినప్పటి నుంచీ ఇలా వచ్చినది వచ్చినట్టు గాలిలో పేరుకుంది. బరువైనది కాబట్టి హీలియంలా అంతరిక్షంలోకి జారిపోదు. దేనితోనూ కలవదు కాబట్టి ఇంకో పదార్థంగా మారి కరిగిపోదు. గాలిలో ఉన్న ఆర్గాన్‌లో 99.6 శాతం ఈ ఆర్గాన్-40 రకమే. శిలల వయసు కట్టడానికి భూగర్భ శాస్త్రవేత్తలు వాడే పొటాషియం–ఆర్గాన్ పద్ధతి కూడా దీని మీదే ఆధారపడింది.

ఇంత ఉన్నా, 1894 దాకా దాన్ని ఎవరూ గుర్తించలేదు. 1785లో హెన్రీ కేవెండిష్ గాలిలోంచి ఆక్సిజన్, నైట్రోజన్ తీసేస్తూ పోతే చివర్లో ఎంతకీ లొంగని ఒక చిన్న బుడగ మిగిలింది. మొత్తంలో 120వ వంతుకు మించదని రాసిపెట్టుకున్నాడు. ఆ లెక్క అసలు విలువకు ఎంత దగ్గరో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తర్వాత వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1890లలో లార్డ్ రేలీ నైట్రోజన్‌ను తూకం వేస్తుంటే, గాలి నుంచి తీసిన నైట్రోజన్ లీటరుకు 1.257 గ్రాములు, రసాయనాల నుంచి తయారు చేసినది 1.250 గ్రాములు వచ్చింది. తేడా అర శాతం. ఇంకొకరైతే తప్పు తక్కెడ మీద నెట్టేసేవారు. రేలీ నెట్టలేదు. విలియం రామ్సేతో కలిసి వెతికితే గాలి నైట్రోజన్‌లో దాక్కున్న బరువైన వాయువు బయటపడింది. 1904లో రేలీకి భౌతిక శాస్త్రంలో, రామ్సేకి రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చాయి.

నైట్రోజన్ చౌక కదా, అదెందుకు చాలదు?

ఫ్యాక్టరీల్లో ఆర్గాన్ పని ఒక్క మాటలో చెప్పాలంటే కాపలా. వేడి మీద ఉన్న లోహం దగ్గరికి గాలి రాకుండా చూడటం. దాని పరమాణువులో బయటి కక్ష్య ఎనిమిది ఎలక్ట్రాన్లతో నిండిపోయి ఉంటుంది: సీట్లన్నీ నిండి, దిగేవాళ్ళెవరూ లేని బస్సులాగా. ఎవరినీ ఎక్కించుకోదు, ఎవరినీ దింపదు. ఆర్గాన్‌తో స్థిరమైన సంయోగ పదార్థం చేయడానికి శాస్త్రవేత్తలకు 2000 సంవత్సరం దాకా పట్టింది. హెల్సింకీలో చేసిన ఆ పదార్థం కూడా సున్నాకు దాదాపు 250 డిగ్రీల కింద ఉన్నంతసేపే నిలిచింది.

అయితే మామూలు వాడకంలో నైట్రోజన్ కూడా జడమైనదే కదా. చిప్స్ ప్యాకెట్లలో నింపేది, ఆయిల్ ట్యాంకుల్లో పైన పరిచేది అదే. గాలిలో 78 శాతం ఉంది, చాలా చౌక. మరి దాన్నే వాడొచ్చుగా అనే ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఉష్ణోగ్రతలో ఉంది. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులు చాలా గట్టిగా పట్టుకుని ఉంటాయి, అందుకే మామూలు వేడిలో మంచివాడిలా కూర్చుంటుంది. వెల్డింగ్ ఆర్క్ వేడికి, కరిగిన ఉక్కు వేడికి ఆ పట్టు సడలుతుంది. విడిపోయిన నైట్రోజన్ ఉక్కులో కరుగుతుంది, టైటానియంతో, మెగ్నీషియంతో, లిథియంతో కలిసి నైట్రైడ్లు చేస్తుంది. టైటానియం అయితే బాగా వేడెక్కినప్పుడు స్వచ్ఛమైన నైట్రోజన్‌లోనే మండుతుంది. ఆర్గాన్‌కు విడిపోవడానికి రెండో పరమాణువే లేదు, ఒంటరి పరమాణువే. ఎంత వేడి చేసినా దేనితోనూ కలవదు.

దీనికి తోడు ఇంకో రెండు లక్షణాలు కలిసొచ్చాయి. గాలి కంటే 1.38 రెట్లు బరువు, అందుకని పని జరిగే చోట పైనుంచి దిగి పరుచుకుంటుంది. హీలియంతో పోలిస్తే తక్కువ వోల్టేజీలోనే అయనీకరణ చెందుతుంది, అందుకని ఆర్క్ సులువుగా అంటుకుని నిలకడగా ఉంటుంది. వేడిని మాత్రం అంత బాగా మోసుకుపోదు. గాలితో పోలిస్తే దాని ఉష్ణ వాహకత మూడింట రెండు వంతులే. ఇది కొన్ని చోట్ల లోపం, కొన్ని చోట్ల వరం.

మూడు డిగ్రీల తేడా

ఇక అసలు చిక్కు. గాలి నుంచి ఆర్గాన్ తీయడం అంటే, గాలిని చల్లబరిచి ద్రవంగా మార్చి, ఒక్కొక్కటి మరిగే ఉష్ణోగ్రతను బట్టి విడదీయడం. నైట్రోజన్ మైనస్ 195.8 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర. పన్నెండు డిగ్రీలకు పైగా తేడా ఉంది కాబట్టి వాటిని విడదీయడం పెద్ద కష్టం కాదు. జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే 1902 నాటికే ఆ పని చేశాడు. ఆర్గాన్ మరిగేది మైనస్ 185.8 దగ్గర. ఆక్సిజన్‌కు దానికి మధ్య మూడంటే మూడు డిగ్రీలు.

పెద్ద ఎయిర్ సెపరేషన్ ప్లాంటులో ఒకదానిపై ఒకటిగా రెండు కాలమ్‌లు ఉంటాయి. కింది దాంట్లో ఒత్తిడి ఎక్కువ, పై దాంట్లో తక్కువ. పై కాలమ్‌లో నైట్రోజన్ పైకి పోతుంది, ఆక్సిజన్ అడుగున చేరుతుంది. ఆర్గాన్ మధ్యలో, కొంచెం కిందికి, పొట్ట భాగంలో పోగవుతుంది. అక్కడ కూడా అది పది శాతం చుట్టుపక్కలే. మిగతాదంతా దాదాపు ఆక్సిజనే. ఆ చోటు నుంచి ఒక పాయ తీసి పక్కన ఇంకో కాలమ్‌లోకి పంపుతారు. మూడు డిగ్రీల తేడాతో ఆక్సిజన్‌ను పది లక్షల్లో కొన్ని వంతులకు దించాలంటే, మళ్ళీ మళ్ళీ ఆవిరై ద్రవంగా మారే దశలు సిద్ధాంతం ప్రకారమే 180 దాకా కావాలి. అంత ఎత్తు కాలమ్ ఒకటే కట్టడం కుదరక, తరచుగా దాన్ని రెండు ముక్కలుగా చేసి పక్కపక్కన నిలబెడతారు.

పాత ప్లాంట్లలో ఇన్ని దశలు సాధ్యం కాక, రెండు మూడు శాతం ఆక్సిజన్ మిగిలిన ముడి ఆర్గాన్‌కు హైడ్రోజన్ కలిపి, ఉత్ప్రేరకం మీద కాల్చి, నీరుగా మార్చి తీసేసేవారు. 1980ల చివర్లో, కాలమ్ లోపల అంతస్తులుగా పేర్చే పళ్ళేలకు బదులు మడతలు పెట్టిన పల్చటి రేకులు నింపే పద్ధతి వచ్చాక హైడ్రోజన్ అవసరం చాలా చోట్ల తప్పింది. ఈ రకమైన అతిశీతల పరికరాలు తయారు చేయడంలో విశాఖకు సొంత చరిత్ర ఉంది. బీహెచ్‌పీవీ, ఇప్పుడు బీహెచ్ఈఎల్‌లో కలిసిన సంస్థ, మన ఊళ్ళో ఎయిర్ సెపరేషన్ ప్లాంట్ల సామాన్లు చేసింది. బీహెచ్‌పీవీ స్టాప్ దగ్గర బస్సు దిగేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

ఇప్పుడు ధర సంగతి. ఆర్గాన్ కోసమే ఎవరూ ప్లాంటు పెట్టరు. పెడితే గిట్టదు. ఒక్క 7 క్యూబిక్ మీటర్ల సిలిండర్ నింపాలంటే, ఒక్క చుక్క పోకుండా తీసినా, 750 క్యూబిక్ మీటర్ల గాలిని చల్లబరచాలి. అంత గాలిని ఎలాగూ చల్లబరిచేవాడు ఆక్సిజన్ కోసం చల్లబరుస్తాడు. ఉక్కు కర్మాగారంలో, కరిగిన ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టర్‌లో కార్బన్ కాల్చడానికి టన్ను ఉక్కుకు 50 క్యూబిక్ మీటర్ల చుట్టుపక్కల ఆక్సిజన్ పోతుంది. ఆ ఆక్సిజన్‌తో పాటు గాలిలో ఉన్న నిష్పత్తిలో రెండు క్యూబిక్ మీటర్లకు పైగా ఆర్గాన్ వస్తుంది. ఉక్కుకు స్వయంగా కావలసింది అందులో చిన్న వాటా. మిగతాది అమ్మకానికి. అందుకే దేశంలో ఎక్కడ చూసినా ఆర్గాన్ సరఫరా పెద్ద ఉక్కు కర్మాగారాల చుట్టూ కనిపిస్తుంది. ఊళ్ళో ఆసుపత్రి వెనకాల పెట్టిన చిన్న పీఎస్ఏ ఆక్సిజన్ ప్లాంటు నుంచి ఆర్గాన్ రాదు. మొదట్లో చెప్పిన కాన్సంట్రేటర్‌కు అది పెద్దన్నయ్య మాత్రమే, ఆర్గాన్‌ను ఆక్సిజన్‌లోనే వదిలేస్తుంది.

దీని పర్యవసానం వెల్డింగ్ షాపు దాకా వస్తుంది. ఉక్కు ఉత్పత్తి తగ్గితే ఆక్సిజన్ తక్కువ తీస్తారు, ఆర్గాన్ దానంతటదే తగ్గుతుంది. షాపువాడి గిరాకీతో దానికి సంబంధం లేదు. 2021 ఏప్రిల్‌లో ఇది తలకిందులుగా కనిపించింది. మహారాష్ట్ర కోసం తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్‌లో ద్రవ ఆక్సిజన్ నింపుకున్నది విశాఖ స్టీల్ ప్లాంట్‌లోనే. ఆక్సిజన్ ఉంది, మోయడానికి ట్యాంకర్లు లేవు. అప్పుడు కేంద్రం నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను ఆక్సిజన్‌కు మార్చమంది. అది సాధ్యమైంది కూడా ఆ మూడు డిగ్రీల దగ్గరితనం వల్లే. ద్రవ ఆర్గాన్ ట్యాంకర్ అంత చలికే, ఇంకా బరువైన ద్రవానికే కట్టి ఉంటుంది. లోపల నూనె, గ్రీజు జాడ లేకుండా కడిగి, కనెక్షన్లు మార్చి, అనుమతి తీసుకుంటే ఆక్సిజన్ పోయొచ్చు.

లాడిల్ అడుగు నుంచి బుడగలు

స్టీల్ ప్లాంట్ సొంతానికి ఆర్గాన్ ఏం చేసుకుంటుంది? కన్వర్టర్‌లోంచి 1600 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో ఉన్న ఉక్కు లాడిల్ అనే పెద్ద పాత్రలోకి దిగుతుంది. అందులో ఫెర్రో మాంగనీస్, ఫెర్రో సిలికాన్ వేస్తారు. పైన ఒక వేడి, కింద ఒక వేడి; ఒక మూల మాంగనీస్ ఎక్కువ, ఇంకో మూల తక్కువ. గరిటె పెట్టి కలిపే వీలు లేదు. లాడిల్ అడుగున సన్నటి రంధ్రాలున్న ఇటుక లాంటి ప్లగ్ ఒకటి ఉంటుంది, దానిగుండా ఆర్గాన్ వదులుతారు. దీన్నే ప్లాంట్‌లో ఆర్గాన్ రిన్సింగ్ అంటారు. గది వేడిలో ఉన్న వాయువు ఉక్కు వేడికి ఆరు రెట్లు ఉబ్బుతుంది, బుడగలు లేస్తూ ఉక్కును కిందినుంచి పైకి తిప్పుతాయి. కొన్ని నిమిషాల్లో వేడి, మిశ్రమం అంతా సమానమవుతుంది. లోపల తేలుతున్న అల్యూమినా లాంటి మలినాలను బుడగలు మోసుకొచ్చి పైన తేలే మడ్డి, అంటే స్లాగ్‌లో పడేస్తాయి.

ఇక్కడ చెయ్యి తిరిగినతనం ఉంది. గ్యాస్ జోరు పెంచితే తొందరగా కలుస్తుంది కదా అనిపిస్తుంది. జోరు ఎక్కువైతే పైనున్న స్లాగ్ పక్కకు తొలగి, మధ్యలో తెల్లగా మెరిసే ఉక్కు గుండ్రంగా బయటపడుతుంది. ఆ కన్ను తెరుచుకున్నంతసేపూ ఉక్కు గాలి నుంచి ఆక్సిజన్, నైట్రోజన్ పీల్చేసుకుంటుంది. శుభ్రం చేయడానికి పెట్టిన గ్యాసే పాడుచేస్తుంది. అందుకే చివరి నిమిషాల్లో స్లాగ్ సన్నగా కదిలీ కదలనట్టుండేంత మెల్లగా వదులుతారు. విశాఖ ప్లాంటులో వైర్ రాడ్లు తీస్తారు. వాటిని తర్వాత సన్నటి తీగగా లాగుతారు. నైట్రోజన్ ఎక్కువున్న ఉక్కు కాలం గడిచేకొద్దీ గట్టిపడి, లాగేటప్పుడు తెగుతుంది. లాడిల్ దగ్గర చౌక నైట్రోజన్‌తో సరిపెట్టుకోకపోవడానికి కారణం అదే.

ఆర్గాన్ తెలివంతా కనిపించేది మాత్రం స్టెయిన్‌లెస్ స్టీల్ తయారీలో. విశాఖ ప్లాంటు స్టెయిన్‌లెస్ చేయదు, కానీ మన వంటింట్లో గిన్నెల వెనక ఈ కథే ఉంది. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం 18 శాతం దాకా ఉండాలి, కార్బన్ చాలా తక్కువ ఉండాలి. కార్బన్ తీయడానికి ఆక్సిజన్ ఊదితే, కార్బన్‌తో పాటు ఖరీదైన క్రోమియం కూడా కాలి స్లాగ్‌లోకి పోతుంది. ఆక్సిజన్‌తో ఆర్గాన్ కలిపి ఊదితే లెక్క మారుతుంది. బుడగలో ఆర్గాన్ ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వాటా పల్చబడుతుంది. అప్పుడు కార్బన్ అందులోకి రావడానికి ఇంకా చోటుంటుంది, ఆక్సిజన్ క్రోమియం జోలికి పోకముందే కార్బన్‌తో తేల్చుకుంటుంది. మొదట్లో మూడు వంతుల ఆక్సిజన్‌కు ఒక వంతు ఆర్గాన్, చివర్లో ఒక వంతు ఆక్సిజన్‌కు మూడు వంతుల ఆర్గాన్. ఏవోడీ అనే ఈ పద్ధతి 1960ల చివర్లో ఫ్యాక్టరీకెక్కింది. ప్రపంచంలో తయారయ్యే స్టెయిన్‌లెస్‌లో అత్యధిక భాగం ఇలా వచ్చిందే. ఆర్గాన్ ఇక్కడ ఏ రసాయన చర్యలోనూ పాల్గొనదు, మధ్యలో ఉండటమే దాని పని.

ఆటోనగర్‌లో

విశాఖలో మామూలు మనిషి ఆర్గాన్ పేరు వినేది వెల్డింగ్ షాపులోనే. టిగ్ వెల్డింగ్ అని పుస్తకాల్లో ఉన్నదాన్ని జనం ఆర్గాన్ వెల్డింగ్ అనే అంటారు. గాజువాక ఆటోనగర్‌లో ఒక షాపులో స్టెయిన్‌లెస్ పైపు అతుకుతుంటే చూశాను. ఎడమచేత్తో సన్నటి ఫిల్లర్ రాడ్, కుడిచేత్తో టార్చ్. టార్చ్ చివర పింగాణీ మూతి, అందులోంచి తొంగిచూసే టంగ్‌స్టన్ ముల్లు. రెగ్యులేటర్ పక్కన గాజు గొట్టంలో చిన్న గుండు నిమిషానికి పది లీటర్ల గీత దగ్గర తేలుతోంది. నేను తలుపు తీసుకుని లోపలికి వెళ్ళగానే ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: "తలుపెయ్యండి బాబూ, గాలి తగిలితే అతుకు పాడైపోద్ది."

అది మర్యాద లేక అన్న మాట కాదు. పది లీటర్ల ఆర్గాన్ వేసే తెర చాలా పల్చనిది. మధ్యాహ్నం సముద్రం మీదినుంచి వచ్చే గాలి కాస్త గట్టిగా వీస్తే ఆ తెర పక్కకు పోతుంది. కరిగిన లోహంలోకి గాలి దూరుతుంది, చల్లారాక అతుకులో సూది మొనంత రంధ్రాలు మిగులుతాయి. షిప్‌యార్డులో, హార్బర్ పక్కన ఆరుబయట వెల్డింగ్ చేసేచోట టార్పాలిన్లు కట్టేది ఎండకే కాదు, ఇందుకూ. తీరప్రాంతం తేమ ఇంకో తలనొప్పి. లోహం మీద, రాడ్ మీద, గొట్టంలో చేరిన తేమ ఆర్క్‌లో విడిపోయి హైడ్రోజన్ ఇస్తుంది. అల్యూమినియం అతుకుల్లో రంధ్రాలకు మొదటి దోషి అదే. ఆర్గాన్ 99.99 శాతం స్వచ్ఛంగా ఉన్నా, బిగించని ఒక్క నట్టు దగ్గర నుంచి గాలి లాక్కుంటే ఆ స్వచ్ఛత వృథా.

బయటి అతుకు నిగనిగలాడుతున్నా పని అయిపోలేదు. పైపు లోపలి వైపు సంగతేమిటి? అక్కడ ఆర్గాన్ లేకపోతే, స్టెయిన్‌లెస్ లోపల గరుగ్గా, నల్లగా, పంచదార పలుకుల్లా పొంగుతుంది. పరవాడ ఫార్మా సిటీలో మందు ప్రవహించే పైపులో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు పైపులో అలాంటి చోటు ఉంటే మురికి చేరుతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే రెండు చివర్లూ మూసి, పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి, గాలిని తరిమేశాకే ఆర్క్ అంటిస్తారు. ఖర్చు తగ్గిద్దామని ఈ పని మానేసే కాంట్రాక్టర్లు ఉన్నారు. బయటినుంచి చూస్తే తెలియదు కాబట్టి చాలాసార్లు దాటిపోతారు కూడా.

మామూలు ఇనుప గేట్లకు, గ్రిల్స్‌కు ఇదంతా అక్కర్లేదు. వాటికి సీవోటూ వెల్డింగ్ చాలు. కార్బన్ డయాక్సైడ్ ఆర్క్‌లో విడిపోయి కాస్త ఆక్సిజన్ వదులుతుంది, వైర్‌లో ఉన్న మాంగనీస్, సిలికాన్ దాన్ని మింగేస్తాయి. చిటపటలు ఎక్కువ, ఖర్చు తక్కువ. ఇంకొంచెం నీటుగా కావాలంటే ఆర్గాన్‌లో 20 శాతం దాకా సీవోటూ కలిపిన మిక్స్ వాడతారు. ఇంటి గేటుకు ఆర్గాన్ వెల్డింగ్ చేశామని ఎవరైనా ఎక్కువ డబ్బులడిగితే, ఆ గేటు స్టెయిన్‌లెస్ అయితేనే ఇవ్వండి.

టైటానియం గురించి ఒక మాట. భీమిలి తీరం ఇసుకలో నల్లగా కనిపించేదాంట్లో టైటానియం ఖనిజమైన ఇల్మనైట్ ఉంది. ఖనిజం నుంచి లోహం తీసే క్రోల్ పద్ధతిలో టైటానియం టెట్రాక్లోరైడ్‌ను మెగ్నీషియంతో కలిపేది ఆర్గాన్ నింపిన పాత్రలోనే. దాన్ని వెల్డ్ చేసేటప్పుడు కూడా టార్చ్ దాటిపోయాక వెనకాల చల్లారుతున్న భాగం మీద మరో గొట్టంతో ఆర్గాన్ పోస్తూనే ఉండాలి. అతుకు వెండిలా మెరిస్తే పాస్, నీలం తిరిగితే అనుమానం, తెల్లగా బూడిద పట్టినట్టుంటే కోసి పారేయడమే.

బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లకు అమ్ముతున్న ఆర్గాన్ నింపిన రెండు పొరల అద్దాల మీద నాకు అంత నమ్మకం లేదు. వేడిని తక్కువ మోస్తుందన్న గుణం నిజమే, చలిదేశాల్లో లోపలి వేడి బయటికి పోకుండా బాగా పనికొస్తుంది. విశాఖలో గదిని కాల్చేది అద్దం గుండా నేరుగా వచ్చే ఎండ. దాన్ని ఏ గ్యాసూ ఆపదు. ఆపేది అద్దం మీది పూత, బయట వేసిన నీడ. డబ్బులు ముందు వాటి మీద పెట్టాలి.

వాసన లేనిదే ప్రమాదం

ఆర్గాన్ విషం కాదు, మండదు, పేలదు. ఈ మూడు మాటలూ నిజమే కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో లీకైన స్టైరీన్‌కు ఘాటు వాసన ఉంది. వంటగ్యాస్‌కు వాసన లేకపోతే కావాలని కలుపుతారు. ఆర్గాన్‌లో వాసన కలిపితే వెల్డింగ్ పాడవుతుంది, అందుకని కలపరు. రంగు లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు.

ఇంకా పెద్ద చిక్కు మన శరీరంలోనే ఉంది. ఊపిరాడటం లేదన్న బాధ మనకు ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల వస్తుంది. ఆర్గాన్ నిండిన చోట కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది. కాబట్టి గొంతు పట్టినట్టు అనిపించదు. గాలి పీలుస్తున్నట్టే ఉంటుంది. ఆక్సిజన్ దాదాపు లేని చోట ఒకటి రెండు శ్వాసలకే స్పృహ పోతుంది, హెచ్చరిక లేకుండా.

ఓడల అడుగున ఉండే డబుల్ బాటమ్ అరల్లాంటి ఇరుకు చోటు తీసుకోండి. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. భోజనానికి వెళ్తూ టార్చ్ లోపలే వదిలేశారు, వాల్వ్ పూర్తిగా కట్టలేదు, నిమిషానికి పది లీటర్లు పోతోంది. గంటలో 600 లీటర్లు. లోపలి గాలితో బాగా కలిసిందనుకున్నా ఆక్సిజన్ 20.9 నుంచి 15.5 శాతం దగ్గరికి దిగుతుంది. 19.5 కంటే తగ్గితేనే లోపలికి వెళ్ళకూడదన్నది పరిశ్రమల్లో పాటించే హద్దు. నిజానికి అది బాగా కలవదు, బరువైనది కాబట్టి అడుగున ఇంకా చిక్కగా ఉంటుంది. మనిషి పాకుతూ వెళ్ళేది ఆ అడుగునే. ద్రవ ఆర్గాన్ ఒలికితే మరీ ఘోరం: ఒక్క లీటరు ద్రవం 840 లీటర్ల దాకా వాయువవుతుంది.

ఇలాంటి ప్రమాదాల్లో పడిపోయినవాడి కంటే వాణ్ణి లాగడానికి దిగినవాళ్ళు ఎక్కువమంది పోయిన సందర్భాలు ఉంటాయి. లోపల తమ్ముడు పడిపోతే పైనున్నవాడు నియమాలు గుర్తు చేసుకోడు, దూకుతాడు. అందుకే మనిషి దిగకముందే నడుముకు తాడు కట్టి, రెండో చివర పైన మనిషి చేతిలో ఉండాలని పర్మిట్లలో రాస్తారు. లాగడానికి దిగక్కర్లేకుండా. బ్లోయర్ పెట్టి గాలి ఆడించడం, భోజనానికి వెళ్ళేటప్పుడు టార్చ్, గొట్టం బయటికి లాగేయడం, సిలిండర్ దగ్గరే వాల్వ్ కట్టడం: ఇవన్నీ పెద్దగా ఖర్చు లేని పనులు. ముఖానికి కట్టుకునే దుమ్ము మాస్కు, రసాయనాల కోసం వాడే ఫిల్టర్ మాస్కు ఇక్కడ ఏ మాత్రం పనికిరావు. అవి విషాన్ని వడకడతాయి, లేని ఆక్సిజన్‌ను తెచ్చిపెట్టవు.

చిత్రంగా, ఈ ఊపిరాడనివ్వని గుణాన్నే మంటలార్పడానికి వాడుతున్నారు. సర్వర్ గదుల్లో నీళ్ళు చల్లలేరు. విశాఖకు పెద్ద డేటా సెంటర్లు వస్తాయని ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్నారు కదా, అలాంటి చోట్ల ఉండే సిలిండర్ల వరసల్లో ఆర్గాన్, నైట్రోజన్ మిశ్రమం ఉండొచ్చు. గదిలో ఆక్సిజన్‌ను 12, 13 శాతానికి దించితే మంట ఆరిపోతుంది, మనిషి మాత్రం బయటికి నడిచి రాగలడు. ఇనర్జెన్ అనే మిశ్రమంలో 52 శాతం నైట్రోజన్, 40 శాతం ఆర్గాన్‌కు తోడు 8 శాతం కార్బన్ డయాక్సైడ్ కావాలనే కలుపుతారు. అది శరీరాన్ని గట్టిగా, వేగంగా ఊపిరి తీయమని తొందరపెడుతుంది, ఉన్న కొద్ది ఆక్సిజన్ ఎక్కువ అందేలా చేస్తుంది. ఓడ అడుగున అరలో ఆ తొందర పెట్టేది ఏదీ ఉండదు. అక్కడ చొక్కా జేబుకు తగిలించుకునే ఆక్సిజన్ మీటర్ ఒక్కటే ఉంటుంది. దాన్ని కూడా జేబులో పెట్టుకుని దిగడం కాదు, దిగకముందే తాడు కట్టి అడుగు దాకా వదిలి, అంకె చూసుకోవాలి.